చీతాయును దాని బయలును

భారతదేశమునుండి చీతా అంతరించిన సంవత్సరముగా ప్రభుత్వపు లెక్కలు 1952ను పేర్కొనుచున్నవి. అదే సంవత్సరమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికలో, నాటికి మదరాసు రాష్ట్రమున చేరియున్న చిత్తూరు జిల్లాలో చీతాను చూచినట్లు కిర్క్‌పాట్రిక్ అను నాయన వ్రాసిన చిన్న నివేదిక యొకటి అచ్చుపడినది. ఆ మృగము ఎటనుండి వచ్చినదో, ఎటు పోయినదో, దానికి జత యుండెనో లేదో చెప్పగలవారు నేడు లేరు. అయినను రాయలసీమ మెట్టలును దక్కను గడ్డిబీళ్ళును ఆ మృగమునకు పరాయినేలలు కావని ఆ చిన్న నివేదిక సాక్ష్యమిచ్చుచున్నది. కనుక చీతాను గూర్చి తెలుగువాడు మాటాడుట ఎవరి యింటి పెండ్లికో తాను పందిరి వేయుట కాదు.

డెబ్బది యేండ్ల తరువాత, 2022 సెప్టెంబరు 17వ తేదీన, నమీబియానుండి విమానముమీద వచ్చిన ఎనిమిది చీతాలను మధ్యప్రదేశములోని కూనో జాతీయోద్యానమున ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రత్యేకావరణములలోనికి విడిచిరి. మఱుసటి ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికానుండి 12 చీతాలు వచ్చి చేరినవి. నాటినుండి ఈ విషయమై మనదేశమున జరుగుచున్న చర్చ యంతయు ఎన్ని పుట్టినవి, ఎన్ని చచ్చినవి అను లెక్కలోనే తిరుగుచున్నది. కూన పుట్టినప్పుడు మంత్రులు హర్షప్రకటనలు చేయుదురు. చీతా చచ్చినప్పుడు ప్రతిపక్షులు పరిహాసము చేయుదురు. ఈ రెండును నాకు అప్రస్తుతములుగనే తోచుచున్నవి. చీతా మనదేశమున నిలుచునా నిలువదా యను ప్రశ్నను తేల్చునది ఆవరణములో పుట్టిన కూనల సంఖ్య కాదు. ఆవరణమునకు వెలుపల ఆ మృగము పరుగెత్తదగిన గడ్డిబయలును మనము బ్రతుకనిత్తుమా లేదా యనునదియే దానిని తేల్చును. ఆ బయలునైతే మనము నేటికిని పనికిరాని భూముల పద్దులో వ్రాసికొని, అడిగినవారికెల్ల పంచిపెట్టుచున్నాము.

చీతా అంతరించుటకు తెల్లదొర తుపాకియే కారణమని మనవారు సులభముగా చెప్పుదురు. అందు సత్యము కొంత కలదు గాని కథ అంతకంటె పాతది. కల్యాణి చాళుక్యరాజైన సోమేశ్వరుని పేర 12వ శతాబ్దమున వెలసిన మానసోల్లాసమున, రాజవినోదములలో నొకటిగా చీతాలచే జింకలను వేటాడించుట వర్ణింపబడియున్నది. మొగలాయి చక్రవర్తుల కాలమునకు ఈ వినోదము మహావ్యవస్థగా పెరిగెను. తన తండ్రియైన అక్బరు వేయి చీతాలను కూడబెట్టెనని జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ చీతాలు రాజప్రాసాదములలో పుట్టినవి కావు. పెరిగి పెద్దవైన వన్యమృగములను బయళ్ళలో ఉరులు పన్నియు గోతులు త్రవ్వియు పట్టితెచ్చి, కన్నులకు గంతలు కట్టి, మనుష్యుని చేతికి అలవాటు చేసెడివారు. ఏలయన బంధనములో నున్న చీతా పిల్లలను కనుట అత్యంత దుర్లభము. జహంగీరు కాలమున ఒక్కసారి ఒక జంట కూడి మూడు కూనలను కనగా, చక్రవర్తి దానిని వింతగా నెంచి గ్రంథస్థము చేసెను. అట్టి జననము మరల ఎక్కడనైనను నమోదగుటకు 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాల వరకు, అనగా సుమారు మూడున్నర శతాబ్దములు, లోకము వేచియుండవలసివచ్చినది. పట్టిన మృగము సంతానములేకయే చచ్చుచుండగా దాని స్థానమును పూరించుటకు మఱొకదానిని బయలునుండి పట్టితెచ్చు ఈ పద్ధతి శతాబ్దములు సాగినచో ఏ జాతి మాత్రము తఱుగకుండును?

తరువాత వచ్చిన ఆంగ్లేయులకు చీతాచే వేటాడించుటయందు సరదా తక్కువ. వారిలో పెక్కురి దృష్టిలో అది చంపినవానికి బహుమానమీయదగిన క్రూరమృగము మాత్రమే. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా నున్న ఇర్విన్ అను దొర, విజయనగర రాజావారి పెంపుడు చీతా వలన గాయపడి మరణించెను. మనదేశమున చీతా వలన మనుష్యుడు మరణించినట్లు తెలియవచ్చుచున్న ఉదాహరణము ఇది యొక్కటే. అదియును బంధనములో నున్న మృగము చేసినది. పులికిని చిరుతకును లేని ఈ నిరపరాధిత్వము దాని ప్రాణమును కాపాడలేదు. 20వ శతాబ్దము ప్రథమార్ధమునకు స్వదేశీయమైన చీతాలు ఎంత అరుదైనవనగా, భావనగరము, కొల్హాపురము మొదలగు సంస్థానములవారు వేటకొఱకు ఆఫ్రికానుండి చీతాలను తెప్పించుకొనవలసివచ్చినది. ఆఫ్రికా చీతాలు ఈ దేశమునకు వచ్చుట ఇదియే మొదలని నేడు సంబరపడువారు ఈ సంగతిని గమనింపవలెను. కడపట 1947లో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో నున్న కొరియా సంస్థానమునకు అధిపతియైన రామానుజ ప్రతాప సింహదేవుడు ఒక రాత్రివేళ మూడు మగ చీతాలను కాల్చిచంపెను. ఆ మూడును ఒక్క కాన్పు సోదరములై యుండవచ్చునని భావింపబడినది. నిస్సందేహమైన ఆధారములతో నమోదైన భారతీయ చీతాలలో అవియే చివరివి.

తుపాకి ఆ మూటిని చంపినమాట నిజము. కాని వానికి పూర్వము, కృష్ణజింకలును చింకారాలును మేయు బయళ్ళు క్రమక్రమముగా సేద్యపుభూములగుట, మిగిలిన జింకలు వేటకాండ్రకు బలియగుట, శేషించిన బయలు ముక్కలుముక్కలై ఒకదానినుండి మఱొకటి తెగిపోవుట – ఈ మూడును కలిసి ఆ జాతిని తుపాకిగుండుకు అందునంత అల్పసంఖ్యకు తెచ్చిపెట్టినవి. రాజును నిందించుట తేలిక. అతని పేరు మనకు తెలియును. బయలును దున్నినవారికి, దున్నుటకు పట్టా యిచ్చినవారికి, పన్ను వచ్చునని సంతోషించినవారికి పేర్లు లేవు.

ఈ మృగముయొక్క దేహనిర్మాణమును పరిశీలించినవారికి దాని కష్టములన్నియు బోధపడును. సన్నని నడుము, లోతైన వక్షస్థలము, వెడల్పైన నాసికారంధ్రములు, పొడవైన కాళ్ళు, పరుగులో నేలను పట్టియుంచుటకు ఒరలోనికి పూర్తిగా ముడుచుకొనని గోళ్ళు, మలుపులలో తులతూగించు బరువైన తోక, కన్నులనుండి నోటివరకు కాటుక జారినట్లున్న నల్లని చారలు – ఇవన్నియు పట్టపగటి వెలుతురులో, అడ్డులేని బయలులో, కొలదిపాటి క్షణముల పరుగుకొఱకు తీర్చబడినవి. దాని బరువు 35 మొదలు 65 కిలోలకు మించదు. గంటకు నూఱు కిలోమీటర్ల వేగమని పాఠ్యపుస్తకములు చెప్పును. బోట్స్వానాలో అడవిచీతాల మెడలకు పట్టీలు కట్టి కొలిచి 2013లో ప్రకటించిన పరిశోధనలో అత్యధికముగా 93 కిలోమీటర్ల వేగము నమోదైనది గాని, పెక్కు వేటలలో అది అందులో సగపు వేగముతోనే సరిపెట్టుకొనినదనియు, దాని విజయమునకు మూలము వేగముకంటెను క్షణములో వేగమును తగ్గించి జింకతోపాటు మలుపు తిరుగగల నేర్పేయనియు తేలినది.

ఈ నేర్పునకు అది చెల్లించు మూల్యము పెద్దది. పరుగుకొఱకు బలమును వదలుకొనిన మృగమది. కొన్నివందల గజములలో వేట ముగియవలెను. ముగిసిన తరువాత ఆయాసము తీరువరకు అది తినుటకైనను శక్తి చాలక పడియుండును. ఆ సమయమున సింహమో, దుమ్ములగొండియో, చిరుతయో వచ్చినచో చీతా ఎదిరింపదు, తాను చంపిన ఆహారమును విడిచి తొలగిపోవును. గాయపడినచో మరల పరుగెత్తలేదు, పరుగెత్తలేనిచో ఆకలిచే చచ్చును, కనుక ఆ పిఱికితనము వివేకమే. బలవంతములైన మృగములు నిద్రించు పగటివేళను తన వేటకు ఎన్నుకొనుటయు ఇట్టి వివేకమే. కూనల సంగతి మఱింత దీనము. టాంజానియాలోని సెరెంగెటి మైదానమున 1980వ దశకములో జరిగిన దీర్ఘపరిశోధనలో, పుట్టిన కూనలలో తల్లినుండి వేఱుపడి బ్రతుకు వయస్సు వరకు నిలిచినవి నూటికి అయిదు మాత్రమేయని తెలియవచ్చెను. మరణములకు ముఖ్యహేతువు సింహములు. కలహారి ప్రాంతమున ఈ నిష్పత్తి ఇంతకంటె మెఱుగని తరువాతి పరిశోధకులు చూపిరి. ఆ రెండుచోట్ల ఫలితములు భిన్నములగుటకు కారణమేమని విచారించినచో, బలమైన శత్రువులు పలుచగానున్న విశాలభూమియే చీతాకు నిజమైన రక్షణయను సంగతి స్పష్టమగును. ఒక్కచోట అభయారణ్యము కట్టి, పులులను సింహములను చిరుతలను అందే నింపి, చీతాను గూడ అందే చేర్చుట దానికి ఉపకారము కాదు.

భూమి విషయములో ఈ మృగముయొక్క ఆకాంక్ష మన ఉద్యానవనాధికారులకు భయము గొల్పునంతటిది. సెరెంగెటిలో ఒక ఆడచీతా జింకలమందల వెంట సంవత్సరము పొడవున తిరుగు ప్రదేశము సుమారు 800 చదరపు కిలోమీటర్లు. కూనో జాతీయోద్యానము మొత్తము 748 చదరపు కిలోమీటర్లు. ఆహారము నిలుకడగా దొరకుచోట ఈ సంచారభూమి చాల తగ్గుననుట నిజమే గనుక ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పుట అన్యాయమగును. అయినను అడవిచీతాల సాంద్రత నూఱు చదరపు కిలోమీటర్లకు ఒకటి దాటుట అరుదని ఆఫ్రికా యనుభవము చెప్పుచున్నది. 2022 జనవరిలో వెలువడిన ప్రభుత్వపు చీతా ప్రణాళిక కూనోకు 21 చీతాలను పోషింపగల శక్తి యున్నదని అంచనావేయగా, ఆ అంచనా చీతాల స్థలావసరమును మఱచినదని కొందఱు శాస్త్రజ్ఞులు అదే సంవత్సరము ఆక్షేపించిరి. అటుతరువాత కూనోలో వెలుపల విడువబడిన చీతాలు ఉద్యానపు హద్దులను దాటి, పల్లెల పొలములలోనికిని, ఒకానొకప్పుడు రాజస్థానము లోనికిని పోవుటయు, వానిని మత్తుమందుతో పట్టి వెనుకకు తెచ్చుటయు ఆ యాక్షేపణమునకు సమాధానము కాజాలదు. పటములోని గీతలు చీతాకు కనబడవు.

నేడు ప్రపంచమంతట మిగిలిన చీతాలు సుమారు 7,100 అని 2016లో వెలువడిన అధ్యయనము నిర్ణయించెను. పూర్వము అవి సంచరించిన భూమిలో నూటికి తొమ్మిది వంతులలో మాత్రమే అవి నేడున్నవి. అంతకంటె ముఖ్యమైన విషయము మఱొకటి కలదు: ఆ మిగిలిన భూమిలో నూటికి 77 వంతులు ఏ అభయారణ్యమునకును చేరినది కాదు. అనగా లోకములోని చీతాలలో పెక్కు గొఱ్ఱెలమందల నడుమ, పశువుల క్షేత్రముల నడుమ, మనుష్యుని దయాదాక్షిణ్యములమీద బ్రతుకుచున్నవి. నమీబియాలో 1980వ దశకమున పశువుల యజమానులు వేలకొలది చీతాలను చంపియో పట్టియో తొలగించిరి. 1990లో చీతా సంరక్షణనిధిని స్థాపించిన లారీ మార్కర్ అను శాస్త్రజ్ఞురాలు ఆ యజమానులతో పోరాడలేదు. వారి కష్టమేమియో విన్నది. 1994 మొదలు టర్కీదేశపు కాపలాకుక్కలను పిల్లలుగానున్నప్పుడే మేకలమందలలో పెంచి రైతులకు ఇచ్చుట ప్రారంభించినది. పెద్ద శరీరముతో, పెద్ద గొంతుతో మందకు కావలియున్న కుక్కను చూచి, గాయమునకు భయపడు చీతా తొలగిపోవును. మేక దక్కును, చీతాయు దక్కును. చట్టముకంటెను శిక్షకంటెను ఇది ఎక్కువ పనిచేసినదని నేను నమ్ముచున్నాను. మన కూనో చుట్టును మందలు కాచుకొని బ్రతుకు పల్లెలు కొల్లలు. ఆ పల్లెలవారు చీతా తమ మేకను పట్టినప్పుడు నష్టపరిహారము ఎన్నాళ్ళకు చేతికందునో చూచియే దానిపై తమ యభిప్రాయమును నిర్ణయించుకొందురు.

ఆసియా చీతా యొక్క శేషము ఇరానులో మాత్రమే కలదు, అదియు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత. 2022 జనవరిలో ఆ దేశపు పర్యావరణశాఖవారు తమ చీతాలు పండ్రెండుమాత్రమేయని, అందు ఆడవి మూడని ప్రకటించిరి. మరుభూమినడుమ సాగు రాజమార్గములమీద వాహనముల క్రింద పడి చచ్చినవి కొన్ని. కాపరుల కుక్కల నోటబడినవి కొన్ని. ఆ మృగమును 2014 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో జాతీయజట్టు చొక్కాపై ముద్రించుకొనిన దేశమే, 2018లో దానికొఱకు అడవులలో కెమెరాలు కట్టిన పరిశోధకులను గూఢచారులని కారాగారమున వేసినది. వారిలో పెద్దవాడైన కావూస్ సయ్యద్ ఎమామీ చెఱలోనే మరణించెను. జాతీయచిహ్నముగా మృగమును కొనియాడుటకును, ఆ మృగము బ్రతుకుటకు వలసినదానిని సమకూర్చుటకును గల అంతరమునకు ఇంతకంటె క్రూరమైన దృష్టాంతము నాకు తెలియదు.

ఇరానునుండియే ఒక జంటనో, కనీసము కొన్ని జీవకణములనో తెచ్చి చీతాను పునఃసృష్టింపవలెనని ఈ శతాబ్దారంభమున హైదరాబాదులోని సీసీఎంబీ యను జీవశాస్త్ర పరిశోధనసంస్థలో ఒక సంకల్పము పుట్టెను, అందలి శాస్త్రజ్ఞుడైన లాల్జీ సింగ్ దానికి పూనుకొనిరి, ఇరాను ఒప్పుకొనలేదు. తరువాత 2020లో అదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు పురావస్తుశాలలలో భద్రపరచిన పాత చీతా అవశేషములనుండి జన్యుద్రవ్యమును వెలికితీసి, ఆసియా చీతాయు ఆఫ్రికా చీతాయు వేల సంవత్సరములకు పూర్వమే వేఱుపడిన శాఖలని నిరూపించిరి. ఈ ఫలితమును పట్టుకొని, వచ్చినది మన చీతా కాదు గనుక ఈ ప్రయత్నమే వ్యర్థమని వాదించువారు కలరు. 2013లో సర్వోన్నత న్యాయస్థానము ఆఫ్రికా చీతాను తెచ్చుటను నిషేధించినప్పుడు చెప్పిన హేతువులలో నిదియొకటి. నాకు ఈ వాదము సగమే సమ్మతము. శాఖాభేదము యథార్థమే. కాని మన బయళ్ళలో జింకను పరుగున వెన్నాడి పట్టు మృగముయొక్క స్థానము శూన్యమై యుండగా, ఇరానుది ఇచ్చువారు లేనప్పుడు, దగ్గఱి చుట్టము నొకదానిని రప్పించి ఆ స్థానమును పూరింపజూచుట తప్పనలేము. తప్పు మఱొకచోట నున్నది.

ఆ తప్పు కూనో చరిత్రలోనే కనబడుచున్నది. గుజరాతులోని గిర్ సింహములకు రెండవ నివాసము కల్పింపవలెనని, 20వ శతాబ్దపు చివరి సంవత్సరములలో కూనోనుండి 24 గ్రామములను ఖాళీ చేయించిరి; లేచిపోయినవారిలో అధికసంఖ్యాకులు సహరియా గిరిజనులు. ఆరు నెలలలో సింహములను పంపుమని 2013 తీర్పు ఆజ్ఞాపించెను. సింహములు నేటికిని రాలేదు. 2020 జనవరిలో అదే న్యాయస్థానము ఎం.కె. రంజిత్‌సింహ్ నాయకత్వమున ఒక సంఘమును నియమించి, ప్రయోగరూపమున ఆఫ్రికా చీతాలను తెచ్చుటకు అనుమతించినది. ఈ విధముగా సింహముకొఱకు మనుష్యులు వదలిన భూమికి చీతా వచ్చినది. కూనోలో పూర్వపు గ్రామముల పొలములు గడ్డిబయళ్ళుగా మారినమాట నిజమే. కాని దానిలో అధికభాగము ఎండుటాకుల అడవి, చిరుతలు దట్టముగానున్న అడవి. మొదటి సంవత్సరమే దాని ఫలితము కనబడినది. 2023 మార్చినుండి ఆగస్టువరకు ఆరు పెద్ద చీతాలును మూడు కూనలును మరణించెను. వానిలో కొన్నింటి మరణహేతువు ఎవరును ముందుగా ఊహింపనిది: భూగోళపు దక్షిణార్ధమున జూను మొదలు శీతకాలము గనుక, ఆ కాలమున దట్టముగా పెరుగు రోమములను వాని దేహములు ఇక్కడను అలవాటుచొప్పున పెంచుకొనినవి. ఇక్కడ నది వానకాలము. తడిసిన రోమములక్రింద, రేడియో పట్టీల ఒరపిడివద్ద, చర్మము చీకి పురుగుపట్టి, రక్తము విషమైనది. బ్రతికినవానిని తిరిగి ఆవరణములలోనికి చేర్చిరి.

దీనిని చూచి నవ్వినవారితో నేను ఏకీభవింపను. కొత్తనేలకు మృగమును చేర్చునప్పుడు తొలినాళ్ళ నష్టము ఎల్లచోట్ల సహజమే. దక్షిణాఫ్రికావారును తమ కంచెవేసిన వనములలో ఎన్నో నష్టముల మీదుగానే నేర్చుకొనిరి. కూనో సిబ్బంది ఎండలో వానలో పడిన శ్రమ సామాన్యము కాదు. అటుతరువాత జననములు హెచ్చినవి. ఈ గడ్డమీద పుట్టిన ముఖి యను ఆడచీతా పెరిగి పెద్దదై 2025 నవంబరులో ఐదు కూనలను కనినది. జహంగీరు చక్రవర్తి కిది తెలిసినచో ఎంత ఆశ్చర్యపడియుండునో! 2025 ఏప్రిలులో రెండు మగచీతాలను మధ్యప్రదేశములోనిదే యగు గాంధీసాగర అభయారణ్యమునకు తరలించుటయు మంచిదే. కాని కంచెలోపల పుట్టి, కంచెలోపల తిని, కంచెలోపల పెరుగు చీతాలు ఎన్నియైనను అది వన్యజాతి కాదు. శ్రద్ధగా నిర్వహింపబడు జంతుప్రదర్శనశాల మాత్రమే. అట్టివి మనకు పూర్వమును కలవు. సౌదీ రాజకుమారుడు కానుకగా నిచ్చిన చీతాల జంట మన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఏండ్లతరబడి యుండి, అందు చివరిది 2023 మార్చిలో మరణించినది. దానివలన ఒక్క ఎకరము గడ్డిభూమియైనను మిగులలేదు.

ఇక్కడ నా ప్రధాన వాదమునకు వచ్చుచున్నాను. చీతాను తెచ్చుటకు ప్రభుత్వము చెప్పిన కారణములలో ముఖ్యమైనది, ఆ మృగము పేర మనదేశపు గడ్డిభూములును, చిట్టడవులును, ముళ్ళపొదల బయళ్ళును సంరక్షింపబడుననునది. పులి పేర మహారణ్యములు దక్కినట్లు చీతా పేర బయళ్ళు దక్కవలెనను ఆ హేతువు నాకు సర్వసమ్మతము. కాని ఆ మాట చెప్పిన నోటితోనే ప్రభుత్వములు ఆ భూములను ఏమనుచున్నవి? హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రముతో కలిసి భూవనరులశాఖ ప్రకటించు బంజరుభూముల పటములలో ముళ్ళపొదల బయళ్ళు, పలుచని గడ్డినేలలు వర్గములుగా చేరియున్నవి. ఇట్టి సహజమైన బయళ్ళు దేశపు విస్తీర్ణములో నూటికి పదివంతులుండగా, అందు సంరక్షిత ప్రదేశములలో చేరినది నూటికి ఐదువంతులైనను లేదని 2022లో వెలువడిన పటశాస్త్రపరిశోధన చూపినది. చెట్టు కనబడనిచో నేల పాడైనదని మన అధికారులకొక విశ్వాసము. ఆ విశ్వాసముచేతనే గడ్డినేలలలో గోతులు త్రవ్వి మొక్కలు నాటుదురు. అవి బ్రతికినచో బయలు చచ్చును, చచ్చినచో డబ్బు చచ్చును. పూర్వము వంటచెఱకుకొఱకు ఆదరింపబడిన సర్కారుతుమ్మ నేడు ఎవరును నాటకయే మిగిలిన బీళ్ళను ఆక్రమించుచున్నది.

మన తెలుగునేలమీది దృష్టాంతమును చూడుడు. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యము 1988లో బట్టమేకపక్షికొఱకు ఏర్పడినది. దాని విస్తీర్ణము 6.14 చదరపు కిలోమీటర్లు. రక్షణ దొరకగా కృష్ణజింకలు పెరిగి చుట్టుపట్ల చేలలో పడినవి. రైతులు అభయారణ్యమునే శత్రువుగా చూడసాగిరి. కాలువనీరు వచ్చి వర్షాధారపు పైరులు మారిపోయినవి. పక్షి క్రమముగా తొలగిపోయి నేడు దాదాపు కానరాదు. దేశమంతటను ఆ జాతి నూటయేబదికి మించదు. ఆ ప్రాంతమునకు దూరము కాని గని, శకునాల గ్రామములయొద్ద వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము సుమారు ఆఱువేల ఎకరములలో వెలసినది. సౌరవిద్యుత్తు వలదని నేననను. ఈ దేశమునకు అది కావలెను. కాని అట్టి క్షేత్రములకు స్థలమును వెదకునప్పుడు మొట్టమొదట బయలే కనబడుటకు కారణము ఆ బయలులో ఎవరును లేరని మన కాగితములు చెప్పుటయే. అందు తోడేళ్ళు కలవు, కృష్ణజింకలు కలవు, శతాబ్దములుగా మందలు మేపుకొను గొల్లకురుమల బాటలు కలవు. కడపజిల్లా లంకమల ముళ్ళపొదలలో 1986లో మరల కనబడి లోకమును ఆశ్చర్యపఱచిన కలివికోడి నివాసము గూడ ఇట్టి భూమియే. చీతా సంఘమునకు అధ్యక్షుడుగా నుండిన రంజిత్‌సింహ్ గారే బట్టమేకపక్షిని విద్యుత్తీగలనుండి రక్షింపుమని సర్వోన్నత న్యాయస్థానములో వ్యాజ్యము వేసినవారు; తీగలను భూమిలోపలినుండి వేయుమని 2021లో వచ్చిన ఆజ్ఞను సడలింపుమని అడిగినది చీతాలకు స్వాగతమిచ్చిన కేంద్రప్రభుత్వమే. ఒకే నేలమీది రెండు జీవములలో విమానముమీద వచ్చినదానికి దొరకిన ఆదరము, ఇక్కడనే పుట్టి ఇక్కడనే చచ్చుచున్నదానికి దొరకలేదు.

చీతాను రోళ్ళపాడునకు తెమ్మని నేను కోరుట లేదు. అంత చిన్నస్థలమున దానిని విడుచుట అపచారము. నేను కోరునది అంతకంటె తక్కువ ఆడంబరముగలది, అంతకంటె కష్టమైనది. మొదటి దశ ఐదేండ్లకు 91 కోట్లకు పైగా వ్యయము చేయదలచిన ప్రభుత్వము, ఆ మృగము పేర చెప్పిన మాటను దానికి పూర్వమే ఈ నేలమీదనున్న జీవములకును వర్తింపజేయవలెను. కూనో, గాంధీసాగరముల చుట్టునున్న బయలులో మందలు కాచువారికి కుక్కలును, నష్టమునకు వెంటనే చెల్లింపును, తమ మేతభూమిపై హక్కును కల్పింపవలెను. చీతాలు వెలుపల నిలువదగిన భూమి సిద్ధపడువరకు కొత్తవానిని తెచ్చుటకు తొందరపడరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తమ జిల్లాలలో మిగిలిన గడ్డిభూములెన్నియో, అందు ఏ జీవములు బ్రతుకుచున్నవో, ఏ మందలు మేయుచున్నవో, వానిని కంపెనీలకు కౌలుకిచ్చుటకు ముందు సర్వే చేయించి, ఆ నివేదికను ప్రజలయెదుట పెట్టవలెను. ఈ సర్వే ముగియువరకు ఆ భూములను బంజరుల పట్టికనుండి తొలగించు ఉత్తర్వు నొకదానిని వెలువరింపుడని రెండు రాష్ట్రముల రెవెన్యూ, అటవీశాఖల మంత్రులను కోరుచున్నాను.